పౌరుష గ్రంథి కేన్సరు: ఏడ్చినవి వేరే చర్చలో ఉన్నాయి, నవ్వొచ్చినవి ఇక్కడ రాయండి

పాతలెక్కలమాస్టారు (పర్లాకిమిడి)
నవంబరు 3, ఉదయం 6:10

అందరికీ నమస్కారం. నాకు డెబ్భై ఒకటి. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. కిందటేడు శ్రావణంలో ప్రోస్టేట్ కేన్సరని తేలింది. ఈ గ్రంథి రక్తంలోకి వదిలే పీఎస్ఏ అనే పదార్థం లెక్క 23. ముక్క తీసి పరీక్షించిన బయాప్సీ కాగితం చూసి డాక్టరుగారు "గ్లీసన్ 4+3, మొత్తం 7" అన్నారు. నోరూరుకోక "అంటే 3+4 అన్నమాట" అన్నాను. "కాదండీ, 3+4 అయితే ఇంకాస్త నయం" అన్నారాయన.

ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి స్థిత్యంతర ధర్మం చెప్పినవాణ్ణి. ఏ సంఖ్య ముందున్నా మొత్తం మారదని బెత్తం పట్టుకుని మరీ చెప్పాను. ఆ దెబ్బలు తిన్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే మన్నించాలి. ముందు రాసే అంకె ముక్కలో ఎక్కువగా కనబడిన కణాల తీరుదట, రెండోది దాని తర్వాతి దానిది. నాలుగు ముందుంటే ముదురు సరుకు ఎక్కువని అర్థం. మొత్తం ఏడే, జబ్బు వేరు.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాలి. కేన్సరన్న మాట నోట్లోంచి రాలేదు. పత్రికలవాళ్ళు దీన్ని పౌరుష గ్రంథి అంటారు కదా, అది అడ్డం పెట్టుకున్నాను. "పౌరుష గ్రంథికి ఏదో వచ్చిందట. ఇంజక్షన్లిచ్చి పౌరుషం తగ్గిస్తారట" అన్నాను. ఆవిడ బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండా "ముందే ఇప్పించాల్సింది" అంది. కాసేపటికి చేట పక్కన పెట్టి లోపలికెళ్ళింది. చాలాసేపు రాలేదు.

మీవి కూడా రాయండి. ఒక్కటే షరతు: "ధైర్యంగా ఉండండి" అని మాత్రం ఎవరూ రాయొద్దు. అది రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో గులాబీ పువ్వుతో సహా వస్తోంది.

పట్టుమగ్గం (బరంపురం)
నవంబరు 3, ఉదయం 9:42

మాస్టారూ, మీ ఆవిడగారికి నా దండాలు.

నాది ఆపరేషన్ కేసు. గ్రంథి మొత్తం తీసేశారు. తీసేశాక మూత్రనాళాన్ని మళ్ళీ మూత్రసంచికి అతికించి కుడతారు కదా, ఆ కుట్టు మానేదాకా గొట్టం, దానికో ప్లాస్టిక్ సంచి. నాకు పన్నెండు రోజులు ఉంచారు. పదో రోజున మా మేనకోడలి పెళ్ళి. మేనమామని, వెళ్ళకపోతే కుదరదు. పంచె కట్టుకుని, యూరిన్ సంచిని మా కొట్లో చీరలకిచ్చే గుడ్డసంచిలో దింపి, గొట్టం పంచె మడతల్లోంచి తీసి, బుట్టబొమ్మలా నడుచుకుంటూ వెళ్ళాను.

మండపం గుమ్మంలో చదివింపులు రాసే బల్ల. అక్కడ కూర్చున్న కుర్రాడు నన్ను చూసి లేచాడు. మేనమామ, చేతిలో పట్టుచీరల కొట్టు సంచి. ఇంకేం ఆలోచిస్తాడు? "ఇలా ఇవ్వండి మావయ్యా" అని రెండు చేతులా అందుకున్నాడు. నేను వదల్లేదు. వాడు మొహమాటమనుకుని ఇంకాస్త లాగాడు. గొట్టం అవతలి కొస ఎక్కడుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. బావా అని ఒక్క కేక వేశాను, సన్నాయి ఆగిపోయింది.

మా బావ పరుగెత్తుకొచ్చి కుర్రాడి చెవిలో ఏదో చెప్పాడు. పాపం వాడు తెల్లబోయి, మరి పుస్తకంలో ఏం రాయాలని అడిగాడట. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరికైనా బహుమతి ఇవ్వాలంటే "మావయ్య సంచి ఇద్దామా" అంటారు.

గుణుపురంకోడలు
నవంబరు 3, మధ్యాహ్నం 2:15

ఆడవాళ్ళు రాయొచ్చా ఇక్కడ? రాసేస్తున్నాను.

మా ఆయనకీ ఆపరేషనే. గొట్టం తీశాక నాలుగైదు నెలలు ఆగేది కాదు. తుమ్మితే పోయేది, కుర్చీలోంచి లేస్తే పోయేది. ప్యాడ్లు పెట్టుకోమన్నారు. పెళ్ళై ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్కసారైనా మందుల షాపులో నాకు ప్యాడ్లు తెచ్చిన మనిషి కాదు, "ఆ మాట నేనెలా అడగను" అనేవారు. ఇప్పుడు ఆయనవి ఆయనే తెచ్చుకోవాలని పట్టుబట్టాను. ఎండలో వెళ్ళి, షాపులో జనం ఖాళీ అయ్యేదాకా బయట నిలబడి, చివరికి అడిగారట. షాపతను న్యూస్‌పేపర్లో చుట్టి, దాన్ని మళ్ళీ నల్ల కవర్లో పెట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చి అదేదో అన్యాయం కొత్తగా కనిపెట్టినట్టు, "దొంగసరుకు ఇచ్చినట్టు ఇచ్చాడే వాడు!" అన్నారు. నేను ఏమీ అనలేదు. అంత ఆనందం మాటల్లో పెడితే తరిగిపోతుందని.

కటి కండరాల వ్యాయామం ముఖ్యం అందరికీ. మూత్రం మధ్యలో ఆపుకుంటున్నట్టు లోపలికి బిగించి, కొన్ని సెకన్లు పట్టి, వదలాలి. రోజుకి మూడు పూటలా. ఆపరేషన్‌కి ముందునుంచే అలవాటు చేసుకుంటే మంచిదని మాకు చెప్పారు. పొట్టా పిరుదులూ బిగించకూడదు, ఊపిరి పట్టకూడదు. మా ఆయన ముఖం కూడా బిగించేవారు. సత్యనారాయణ వ్రతంలో కథ వింటూ చేశారు. సాధువు ఓడ మునిగే చోట ఆయన ముఖం చూసి పురోహితులు కథ ఆపి, "అంత బాధపడకండి, తర్వాత దొరుకుతుంది" అన్నారు.

కొత్తవాడు (ఛత్రపురం)
నవంబరు 3, రాత్రి 11:50

మీరంతా నవ్వుతున్నారు, నాకు నిద్ర పట్టట్లేదు. మా నాన్నకి అరవై ఆరు. ఊరికే చెకప్ చేయిస్తే పీఎస్ఏ 6.8. రిపోర్టులో ఎర్ర గీత గీశారు. ఇది కేన్సరేనా? అమ్మకింకా చెప్పలేదు.

పాతలెక్కలమాస్టారు
నవంబరు 4, ఉదయం 4:35

బాబూ, నేనూ లేచే ఉన్నాను. ఈ జబ్బువాళ్ళకి రాత్రుళ్ళు చాలా ఉంటాయి.

6.8 అంటే కేన్సరని కాదు. 4 దాటితే గీత గీస్తారు, అంతే. వయసుతో గ్రంథి ఉబ్బినా పెరుగుతుంది, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది, మొన్నమొన్న గొట్టం వేసి తీసినా పెరుగుతుంది. చాలాదూరం సైకిలు తొక్కి వెళ్ళి రక్తం ఇచ్చినా కాస్త పెరగొచ్చు. ఇంకోటి, ఉబ్బు తగ్గడానికి ఫినాస్టరైడ్, డ్యుటాస్టరైడ్ లాంటి మాత్రలు ఏళ్ళ తరబడి వాడుతుంటే పీఎస్ఏ సగానికి పడిపోయి కనిపిస్తుంది. అది డాక్టరుకి చెప్పి తీరాలి. మామూలుగా ముందు ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూసి, కొన్ని వారాలాగి మళ్ళీ రక్తం చూస్తారు. అప్పుడూ ఎక్కువుంటే ఎంఆర్ఐ, దాంట్లో అనుమానం ఉంటే బయాప్సీ. బయాప్సీలో కేన్సరని తేలినా, గ్లీసన్ 6 లాంటి నెమ్మది రకమైతే చాలామందికి వెంటనే ఏమీ చెయ్యరు. ఆరు నెలలకోసారి రక్తపరీక్ష, అప్పుడప్పుడూ స్కాన్ పెట్టుకుని నిఘా వేస్తారు. మా ఊళ్ళో ఒకాయన అలా ఏళ్ళుగా నిఘాలో ఉన్నాడు. పోలీసులు కూడా ఇంత ఓపిగ్గా చూడరంటాడు.

అమ్మకి చెప్పు. ఆవిడకి ఈపాటికి తెలిసే ఉంటుంది.

రాయగడ_లోకో
నవంబరు 4, రాత్రి 9:05

క్షమించండి. దీన్లో నవ్వేదేటుంది?

మా నాన్న పోయి రెండేళ్ళు. నడుం నొప్పంటే వయసనుకున్నాం. ఊళ్ళో నూనె రాసేవాడి దగ్గర మూడు నెలలు రాయించాం. ఒకరోజు పొద్దున్న మంచం దిగితే కాళ్ళు నిలబడలేదు. అప్పటికే ఎముకల్లోకి పాకేసి, వెన్నులో నరాన్ని నొక్కేసిందట. ఆ కాళ్ళు మళ్ళీ రాలేదు. మీకేమో పెళ్ళిలో సంచి కథలు.

పట్టుమగ్గం
నవంబరు 4, రాత్రి 9:30

అన్నయ్యా, ఎవర్నీ నొప్పించాలని రాయలేదు. నవ్వకపోతే నేనేమైపోతానో నాకు తెలుసు, అందుకని రాశాను. అంతే.

పాతలెక్కలమాస్టారు
నవంబరు 5, ఉదయం 5:20

రాయగడ బాబూ, నువ్వు రాసింది ఈ పేజీలో అందరికంటే అవసరమైన సంగతి. ఈ కేన్సరు పాకితే ఎముకల్లోకే ఎక్కువ పాకుతుంది. జబ్బున్న మనిషికి కొత్తగా నడుం నొప్పి వచ్చి తగ్గకపోయినా, కాళ్ళు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా, మూత్రం బిగిసినా మర్నాటిదాకా ఆగకూడదు. ఆ రాత్రికే ఆస్పత్రికి పోవాలి, గంటల లెక్క. నిర్వాహకులు ఈ ముక్క పైన పెడితే బాగుంటుంది.

నవ్వమని నిన్నెవరూ అడగరు. ఉండు.

నిర్వాహకుడు
నవంబరు 5, ఉదయం 10:00

పైన పెట్టాను. "ఏడు రోజుల్లో ఆకుపసరుతో పీఎస్ఏ సున్నా" అని ఒకరు ఫోన్ నంబరుతో సహా రాశారు, తీసేశాను. మళ్ళీ రాస్తే పసరు ఆయనకే పోస్తాం.

పాతలెక్కలమాస్టారు
నవంబరు 5, సాయంత్రం 5:45

నాకు ఆపరేషన్ కాదు, మగ హార్మోను తగ్గించే ఇంజక్షన్, దానితోపాటు రేడియేషన్. ఇంజక్షన్ గోసెరెలిన్. మూడు నెలలకోసారి 10.8 మిల్లీగ్రాముల చిన్న గుళికని పొట్ట చర్మం కింద దింపుతారు. గుళిక పట్టాలి కనక సూది లావు. గోనెసంచి కుట్టే దబ్బనం గుర్తొచ్చింది.

రేడియేషన్ ఇరవై విడతలు. దానికి ముందు నడుం దగ్గర మూడు చుక్కల పచ్చబొట్టు వేశారు, మిషను గురి తప్పకుండా. మా నాయనమ్మకి మోచేతి దాకా పచ్చబొట్లే, తేలు, తులసికోట, తాతయ్య పేరు. నాకు డెబ్భై ఏళ్ళకి మూడు చుక్కలు, అవీ చూపించుకోలేని చోట.

అసలు సంగతి నీళ్ళది. రేడియేషన్ పెట్టేటప్పుడు మలాశయం ఖాళీగా ఉండాలి, మూత్రసంచి నిండుగా ఉండాలి. నిండు సంచి పేగుల్ని పైకి నెట్టి కిరణాలకి దూరంగా ఉంచుతుందట. రోజూ ఒకే కొలత. దొడ్డికెళ్ళి, మూత్రం పోసి, అర లీటరు నీళ్ళు తాగి, అరగంటో ముప్పావుగంటో కూర్చోవాలి. గ్యాసు పట్టే శనగలు, కాబేజీ బంద్. బరంపురం బస్టాండులో అమ్మే బఠాణీల కూర ఘుగుని తలుచుకుని లాలాజలం మింగేవాణ్ణి.

ఆస్పత్రి పేరు అడగొద్దు. ఒకరోజు బల్ల మీద అయిదుగురం. గోపాలపురం నుంచి చేపలాయన, ఇచ్ఛాపురం కిరాణా కొట్టాయన, జయపురం ఫారెస్టు గార్డు, నేను, ఎవరితోనూ మాట్లాడని ఒక పెద్దమనిషి. అందరం తాగేశాం. అందరి నీళ్ళూ దిగుతున్నాయి. అప్పుడు లోపలినుంచి అమ్మాయి వచ్చి "మిషను ఆగింది, పది నిమిషాలు" అంది. పది ఇరవయ్యింది, ఇరవై ముప్పై అయ్యింది. కాళ్ళమీద కాళ్ళు వేసుకుని, గోడమీది బల్లుల్ని లెక్కపెడుతూ కూర్చున్నాం. ఎవరూ మాట్లాడట్లేదు. మాట్లాడ్డానికి కూడా కొంత పట్టు వదలాలి.

అప్పుడు నేల తుడిచే ఆవిడ వచ్చింది. మా ఎదురుగానే కొళాయి. కింద ఇనప బకెట్ పెట్టింది. తిప్పింది.

ఆ చప్పుడు మీరు ఊహించుకోండి. ధార కూడా సన్నగా, ఆగి ఆగి. అయిదుగురం ఒక్కసారి తల తిప్పి ఆవిడ వైపు చూశాం. చేపలాయన రెండు చేతులూ జోడించి "మా, టికే బంద్ కొర" అన్నాడు. కిరాణా ఆయన తెలుగులో అదే, "అమ్మా, కాస్త కట్టెయ్యి" అన్నాడు. ఆవిడకి అర్థం కాక, తడి చేసేస్తుందని మేం భయపడుతున్నామనుకుని, "పరవాలేదు బాబూ, ఎంత తడిసినా తుడిచేస్తాను" అంది.

అంతే. ఎవరితోనూ మాట్లాడని ఆ పెద్దమనిషి ముందు నవ్వాడు. నవ్వితే ఏమవుతుందో మాకు తెలుసు. వద్దనుకున్నకొద్దీ వచ్చింది. ఫారెస్టు గార్డు నోట్లో కండువా కుక్కుకుని బాత్రూంకి పరుగెత్తాడు. తిరిగొచ్చి, మళ్ళీ మొదటినుంచి అర లీటరు తాగాడు. ఖాయంగా నిలబడింది ముగ్గురం. ఆ పెద్దమనిషి నిలబడ్డాడో లేదో మేం అడగలేదు, ఆయన చెప్పలేదు.

ప్రాణహిత_ఒడ్డు (సిరోంచ)
నవంబరు 6, రాత్రి 10:20

ఫోన్ చూస్కుంట ఒక్కణ్ణే నవ్వుతున్న, ఇంట్లోళ్ళు భయపడ్డరు. మా దిక్కు గడ్చిరోలి జిల్లాల గిట్ల మాట్లాడెటోళ్ళు దొరకరు. డాక్టరు మరాఠీల చెప్తడు, నేను తెలుగుల వింట, మధ్యల సగం గోదాట్ల పోతది.

నాకు యాభై నాలుగు. ఇంజక్షన్ మొదలై నాలుగు నెలలు. ఒకటి: ఉన్నట్టుండి ఛాతీల నుంచి మంట లేస్తది, చెమట, చలికాలం సుత. ఇది పోతదా? రెండు: సీరియల్ చూస్తే ఏడుపొస్తున్నది. అత్త కోడల్ని తిడితే నాకు ఏడుపేంది? మూడోది ఇక్కడ అడగొచ్చో లేదో.

గుణుపురంకోడలు
నవంబరు 6, రాత్రి 10:48

తమ్ముడూ, ఆ మంట సంగతి మీ ఇంటావిడని అడుగు, ఎంబీబీఎస్ కంటే బాగా చెప్తుంది. మా చిన్నాయనకీ అవే ఇంజక్షన్లు. ఆయన ఇంట్లో ఇప్పుడు ఫ్యాను రెగ్యులేటర్ దగ్గరే కురుక్షేత్రం. మా చిన్నమ్మకి ముట్లుడిగి ఆ మంటలు వచ్చిన రోజుల్లో "వంటింట్లో ఉంటావు కదా, అందుకే" అనేవారట. ఇప్పుడు ఆయన చొక్కా విప్పి విసనకర్ర పట్టుకుంటే, ఆవిడ దుప్పటి కప్పుకుని "వంటింట్లో ఉన్నారేటి?" అంటోంది.

హార్మోను పడిపోతే వస్తాయి ఇవన్నీ. కారం, కాఫీ తగ్గిస్తే కొంత నయం. మరీ ఎక్కువైతే మాత్రలున్నాయి, చెప్పు డాక్టరుకి. ఎముకలు పలచబడతాయి, ఒళ్ళొస్తుంది, షుగరు పెరుగుతుంది. నడక, కాస్త బరువులెత్తడం మానకు. కాల్షియం, విటమిన్ డి సంగతి అడుగు. ఏడుపు గురించి భయపడకు. చూడదగ్గ సీరియల్ చూడు.

మూడోది నాకర్థమైంది. నేను తప్పుకుంటాను, మగవాళ్ళు చెప్పండి.

పట్టుమగ్గం
నవంబరు 7, ఉదయం 7:15

సిరోంచ తమ్ముడూ, మూడోది అందరికీ ఉంటుంది, ఎవరూ రాయరు. ఇంజక్షన్ మీదుండగా కోరికే తగ్గుతుంది, అది నీ తప్పు కాదు. ఆపరేషన్ అయినవాళ్ళకి నరాలు కోలుకోవడానికి ఏడాది, రెండేళ్ళు పట్టొచ్చు. పటుత్వానికి మాత్రలున్నాయి, పంపు ఉంది. కానీ గుండెకి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్ళు సొంతంగా ఆ మాత్రలు కొనుక్కోకూడదు, బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ఈ మాట మీ ఆవిడ ఎదురుగా డాక్టర్ని అడుగు. నేను ఒక్కణ్ణే వెళ్ళి అడిగి, ఇంటికొచ్చి చెప్పలేక ఆరు నెలలు దాచాను. శుద్ధ దండగ.

దాన్ని మరిపించడానికి ఇంకోటి. మా ఊళ్ళో రెండేళ్ళకోసారి ఠాకురాణి జాతర. మొక్కున్నవాళ్ళు వేషం కడతారు. నాది చిన్నప్పట్నుంచీ పులి. ఆపరేషన్ అయ్యాక వచ్చిన జాతరకి ఇంట్లో అందరూ వద్దన్నారు. అమ్మవారికి చెప్పిన మాట ఎలా తప్పను? ఒళ్ళంతా పసుపు రంగు, నల్ల చారలు, తోక, చారల నిక్కరు కింద ప్యాడు. డప్పు మీద దెబ్బ పడి నేను ఎగిరిన ప్రతిసారీ కొంచెం. గాండ్రిస్తే ఇంకొంచెం. నాలుగు వీధులయ్యేసరికి పులి బరువెక్కి వెనక్కి జారుతోంది. చిన్న పిల్లాడొకడు వాళ్ళమ్మతో "అమ్మా, పులికి డైపర్ వేశారు" అన్నాడు. ఆవిడ వాణ్ణి నెత్తిమీద ఒకటి మొట్టి, "అది తోక ముడి రా" అంది. ఆ తల్లి చల్లగా ఉండాలి.

మొన్న పీఎస్ఏ 0.04.

రాయగడ_లోకో
నవంబరు 8, రాత్రి 1:10

డ్యూటీ దిగి చదివాను అన్నీ. మొన్న అలా అన్నందుకు ఏమీ అనుకోకండి.

మీరు రాసింది చదువుతుంటే గుర్తొచ్చింది. మా నాన్నది వీరఘట్టం వైపు పల్లె, వ్యవసాయం. ఒడియా ముక్క రాదు. నా దగ్గరికొచ్చాకే ఆస్పత్రిలో వేశాం. రౌండ్స్‌కి వచ్చిన కుర్ర డాక్టరు "మౌసా, పరిస్రా కెమితి హెఉచ్చి?" అన్నాడు. మూత్రం ఎలగవుతోందని అడగడం. మా నాన్న తల తిప్పి కిటికీలోంచి బయటికి ఓసారి బాగా చూసి, "పరిసరాలు బాగానే ఉన్నాయి బాబూ, పందులే ఎక్కువ" అన్నాడు.

ఇంజక్షన్లు పెట్టించుకుంటూ పోయే స్తోమత లేక, వృషణాలు తీసే ఆపరేషన్‌కి ఒప్పుకున్నాం. ఒకసారి చేస్తే సరిపోతాది కదా. నాన్నకి ఎలగ చెప్పాలో తెలీక, నేను మంచం పక్కన గంటసేపు నిలబడ్డాను. ఆయనే అన్నాడు: "ఎన్ని కోడెలకి విత్తులు కొట్టించానురా నేను. పట్టుకోడానికి నలుగుర్ని పిలిచేవోణ్ణి. నాకొద్దు, నేను కదల్నులే."

నేను అప్పుడు నవ్వలేదు. బయటికెళ్ళిపోయాను. ఇప్పుడు ఇది టైపు చేస్తుంటే నవ్వొచ్చింది. ఇంట్లో పడుకున్నోళ్ళు లేచారు.

పాతలెక్కలమాస్టారు
నవంబరు 8, ఉదయం 4:50

హార్మోను తగ్గిస్తే ఈ కేన్సరు వెనకడుగు వేస్తుందని 1941లో చార్లెస్ హగిన్స్ అనే డాక్టరు చూపించాడు, వృషణాలు తీసే చికిత్సతోనే. 1966లో నోబెల్ ఇచ్చారు. ఈ నా ఇంజక్షన్లన్నీ ఆ దారిలో వచ్చినవే. మీ నాన్నగారు కత్తి ముందు కదలనని చెప్పిన ఆ మాట హగిన్స్‌కి వినిపించి ఉండాల్సింది.

కొత్తవాడు (ఛత్రపురం)
నవంబరు 29, రాత్రి 8:40

మాస్టారూ, ఇన్‌ఫెక్షన్ లేదు. మళ్ళీ చూస్తే 7.1. ఎంఆర్ఐలో ఒక మచ్చ ఉందన్నారు. విశాఖ వెళ్తున్నాం, అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా ఆస్పత్రికి. అమ్మకి చెప్పాను. నాకంటే ముందే తెలుసట, నాన్న దిండు కింద రిపోర్టు దొరికిందట.

ఇప్పుడు రైల్లోంచి రాస్తున్నాను. నాన్నకి 71 వచ్చింది, బాత్రూం పక్క బెర్తు. ఎప్పుడూ అది పడితే టీసీతో గొడవపడి మార్పించుకునేవారు. ఈసారి ఎవరో అబ్బాయి జాలిపడి "పెద్దాయనా, నా సీటు తీసుకోండి, మధ్యలో ఉంది" అంటే, చక్రాల సూట్‌కేసు అడ్డం పెట్టుకుని గట్టిగా కూర్చున్నారు.